మెల్లగా అంటే ఎంత: పల్చటి షూలకు మారిన ఒక రన్నర్ కేసు

పాదం నొప్పితో వచ్చే మనిషి రెండు జతల షూలూ, ఒక నోటు పుస్తకమూ వెంట తెచ్చుకుంటే ఫిజియోథెరపిస్టుకు సగం పని తగ్గినట్టే. ఈయన మూడూ తెచ్చారు. వృత్తి లెక్కలు చెప్పడం కాబట్టి, అందరిలాగే నేనూ మాస్టారూ అనే పిలిచేవాణ్ణి. వయసు 43, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నాలుగేళ్లుగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తే అలవాటు. కుడి పాదం పైభాగంలో, రెండో వేలికి వెనక, చిన్న వాపు. ఆయన సాక్సు విప్పుతుండగానే సంగతి కొంత అర్థమైంది. సంచిలోంచి షూలు తీసి బల్ల మీద పెట్టాక మిగతాదీ అర్థమైంది.

ఇబ్బంది ఏమిటంటే, ఆయన నాకు కొత్త కాదు. తొమ్మిది వారాల కిందట ఇదే కుర్చీలో కూర్చుని ఇదే కాలి మోకాలు చూపించారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "డాక్టరుగారూ, మడమ ఎత్తు లేని షూలు మోకాలికి మంచివంటున్నారు, ప్రయత్నించవచ్చా?" అని అడిగారు. "ప్రయత్నించండి, కాకపోతే మెల్లగా మారండి" అన్నాను. మెల్లగా అంటే ఎంతో చెప్పలేదు. లెక్కల మాస్టారికి అంకె లేని సలహా ఇచ్చి పంపాను.

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయనను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. నా పొరపాటును మాత్రం ఉంచాను.

మోకాలితో మొదలు

మొదటిసారి వచ్చినప్పుడు ఫిర్యాదు చాలా మామూలుది. మెట్లు దిగేటప్పుడు, వాలు మీద పరుగెత్తేటప్పుడు కుడి మోకాలిచిప్ప వెనక నొప్పి. ఎక్కువసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు బిగుసుకున్నట్టు ఉండేవి. వాపు లేదు, మోకాలు ఎక్కడా పట్టేయడం లేదు. ఒంటికాలి మీద గుంజీ తీయమంటే మోకాలు లోపలికి వాలింది. రన్నర్లలో రోజూ కనిపించే మోకాలిచిప్ప నొప్పి ఇది. స్కానింగులు అవసరం లేదనుకున్నాను, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అంటాను.

ట్రెడ్‌మిల్ మీద పక్క నుంచి వీడియో తీశాను. కిలోమీటరుకు ఆరు నిమిషాల పైచిలుకు వేగం, నిమిషానికి 158 అడుగులు. మడమ శరీరానికి బాగా ముందు, మోకాలు దాదాపు నిటారుగా ఉండగా నేలను తాకుతోంది. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద పడే పని తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపించారు. నేను ఎక్కువగా వాడే ఉపాయం అదే. తాళం వేసినట్టు టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని 168కి రమ్మన్నాను. తుంటి, తొడ కండరాలకు మూడు వ్యాయామాలు ఇచ్చి, రెండు వారాలపాటు 40 కిలోమీటర్లను 30కి తగ్గించమన్నాను. ఇంతవరకు బాగానే ఉంది. గుమ్మం దగ్గరి సంభాషణే కాగితం మీదికి ఎక్కలేదు.

బల్ల మీద రెండు జతలు

పాత జత ఒక్కో షూ 310 గ్రాములు. మడమ కింద 33 మిల్లీమీటర్లు, వేళ్ల మొదళ్ల కింద 21. ఈ రెండింటి తేడానే రన్నర్లు డ్రాప్ అంటారు, ఇక్కడ అది 12. లోపలి అంచున గట్టి నురగ దిమ్మె, మడమను పట్టి ఉంచే గట్టి కప్పు, పాదం వంపు కింద ప్లాస్టిక్ పలక. రెండు చేతులతో మెలితిప్పాలన్నా బలం పెట్టాలి. కొత్త జత 190 గ్రాములు. ముందూ వెనకా 12 మిల్లీమీటర్లే, అంటే డ్రాప్ సున్నా. దిమ్మెలూ పలకలూ ఏవీ లేవు, చాపలా చుట్టి గుప్పిట్లో పట్టుకోవచ్చు.

కంటికి కనిపించే ఈ తేడాకు అంకె కట్టడానికి ఒక కొలమానం ఉంది. 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణుల అభిప్రాయాలు సేకరించి 2015లో ప్రచురించిన మినిమలిస్ట్ సూచిక అది. బరువు, అడుగు మందం, డ్రాప్, వంగే గుణం, పాదాన్ని అదుపు చేసే అమరికలు అనే ఐదింటికీ మార్కులు వేసి శాతంగా చెబుతారు. వట్టికాలికి దగ్గరయ్యే కొద్దీ శాతం పెరుగుతుంది. నేను వేసిన లెక్కలో పాత జతకు 20 శాతం, కొత్తదానికి 88 శాతం వచ్చాయి. మాస్టారు ఆ అంకెలు చూసి ఒక్క నిమిషం మాట్లాడలేదు. "ఇది మొదట్లోనే కొలిచి ఉంటే..." అని ఆగిపోయారు. వాక్యం పూర్తి చేయనందుకు ఆయనకు కృతజ్ఞుణ్ణి.

షూ ఎందుకిలా దిమ్మెలతో నిండిందో, మళ్లీ ఎందుకు చాపలా పల్చబడిందో ప్రతి రన్నరుకూ కొంత చెప్పాల్సి వస్తుంది. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబేబే బికిలా వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. వట్టికాళ్ల అభిమానులు ఈ కథ తప్పకుండా చెబుతారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో అదే మనిషి షూలు వేసుకుని, మూడు నిమిషాలు తక్కువ సమయంలో మళ్లీ గెలిచాడన్న సంగతి మాత్రం వాళ్లలో చాలామంది చెప్పరు. అప్పటి షూలు పల్చటివే. జాగింగ్ జనంలోకి వచ్చాక, అలవాటు లేని కాళ్లు గట్టి రోడ్డు మీదికి ఎక్కాక, అడుగు మందం పెరగడం మొదలైంది. 1970ల తొలినాళ్లలో ఒరెగాన్ కోచ్ బిల్ బవర్‌మన్ ఇంట్లోని వాఫుల్ (గళ్ల అట్టు) పెనంలో రబ్బరు పోసి షూ అడుగుకు పట్టు తెచ్చాడు. అదే దశాబ్దంలో ఈవీఏ అనే ప్లాస్టిక్ నురగ వచ్చింది. అసంఖ్యాకమైన గాలి బుడగలున్న తేలికపాటి పదార్థం అది. దాంతో మడమ కింద ఎంత మందమైనా పెద్దగా బరువు లేకుండా పేర్చే వీలు కలిగింది. తర్వాత గాలి సంచులు, జెల్ తిత్తులు, పాదం లోపలికి వాలకుండా దిమ్మెలు. దుకాణంలో తడికాలి ముద్ర చూసి "మీ పాదానికి ఈ రకం" అని తేల్చేసే పద్ధతి కూడా అప్పటి నుంచే బలపడింది.

ఆ పద్ధతి మీద నాకు ఏనాడూ గురి లేదు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లకు పాదం తీరుతో సంబంధం లేకుండా ఒకే మామూలు షూ ఇచ్చి ఏడాదిపాటు గమనించారు. పాదం లోపలికి వాలేవారికి ఎక్కువ గాయాలు అవుతాయన్న నమ్మకం ఆ లెక్కల్లో నిలబడలేదు. మాస్టారి పాత షూలోని దిమ్మె ఆయన కోసం చేసిన పని ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి అసంతృప్తి పేరుకున్న చోటే మినిమలిస్ట్ ఉద్యమం పుట్టింది. 2004లో నైకీ ఫ్రీ వచ్చింది, ఒకటి రెండేళ్లకు ఒక్కో వేలికి విడి తొడుగుండే వైబ్రమ్ ఐదువేళ్ల షూలు వచ్చాయి. 2009లో మెక్సికో లోయల్లో పల్చటి చెప్పులతో పరుగెత్తే రారామురి ప్రజల మీద ఒక పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 2010 జనవరిలో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో వ్యాసం ప్రచురించింది. అలవాటుగా వట్టికాళ్లతో పరుగెత్తేవారు ఎక్కువగా పాదం ముందు భాగంతో దిగుతారని, మడమతో దిగినప్పుడు వచ్చే మొదటి కుదుపు వాళ్లలో కనిపించదని అందులో చూపించారు. ఆ వ్యాసంలో గాయాల లెక్క లేదు. చదివిన జనం మాత్రం గాయాలు తగ్గుతాయనే అర్థం చేసుకున్నారు. నాలుగేళ్లు దాటాక, 2014లో, ఆరోగ్య ప్రయోజనాల గురించి చేసిన ప్రచారంపై అమెరికాలో వేసిన దావాను వైబ్రమ్ కంపెనీ ఆరోపణలు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది.

నోటు పుస్తకం చెప్పిన కథ

మాస్టారి పుస్తకంలో నిలువు గడులు నీటుగా ఉన్నాయి: తేదీ, దూరం, ఏ షూ, మోకాలి నొప్పి పదికి ఎంత, ఇతరాలు. కొత్త షూలతో మొదటి వారం 30 కిలోమీటర్లలో 6. రెండో వారం 30లో 14. మూడో వారం 34లో 24. నాలుగో వారం నుంచి పాత షూల గడి ఖాళీ: 38, 44, 48. ఏడో వారం 46, అందులో ఆదివారం ఒక్కసారే 21.

మోకాలి గడి చూస్తే ఇంకో కథ. మొదటి వారం 4. రెండో వారం 2. మూడో వారం సున్నా, ఆపై అన్నీ సున్నాలే. పక్కన ఇతరాలు అన్న చోట మొదటి రెండు వారాలు "పిక్కలు రాయిలా ఉన్నాయి" అని రాసుకున్నారు. మూడో వారం "పిక్కలు ఫర్వాలేదు". నాలుగో వారం "పిక్కలు బాగున్నాయి. ఇవే నా షూలు". ఆ వాక్యం కింద గీత కూడా గీశారు.

నా దృష్టిలో ఈ కేసంతా ఆ గీతలోనే ఉంది. మోకాలి నొప్పి పోవడం ఆయనకు అనుమతి పత్రంలా కనిపించింది. ఆ భారం ఎక్కడికో పోలేదు, కిందికి దిగింది. పాదం ముందు భాగంతో దిగేవాడికి మోకాలిచిప్ప మీద పని తగ్గుతుంది. పిక్క కండరం, మడమ వెనకుండే ఎకిలిస్ స్నాయువు, వేళ్ల వెనకుండే మెటాటార్సల్ ఎముకల మీద పెరుగుతుంది. మాస్టారి అడుగుల లయ కూడా ఎవరూ చెప్పకుండానే 174కి వెళ్లింది. కిలోమీటరుకు ఆరు నిమిషాల వేగంతో లెక్కిస్తే, ఆ ఏడు వారాల్లో కొత్త షూలతో పరుగెత్తిన 220 కిలోమీటర్లకు ఒక్కో పాదం సుమారు 1,15,000 సార్లు నేలను తాకింది. ఈ గుణకారం ఆయనే నా ముందు చేశారు.

రెండో మెటాటార్సల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఐదింటిలో అదే సాధారణంగా పొడవైనది. దాని మొదలు వెనక ఎముకల మధ్య మేకులా దిగి ఉంటుంది కాబట్టి పక్క ఎముకల్లా కొంచెం కదిలి తప్పించుకోలేదు. మడమ లేచి వేళ్ల మీద బరువు పడిన ప్రతిసారీ అది ఒక సన్నని దూలంలా వంగుతుంది. అరికాలి చిన్న కండరాలు ఆ వంపును అడ్డుకుంటాయి. అవి అలసిపోతే ఎముకే వంపును భరించాలి. గట్టి అడుగున్న షూ ఈ పనిలో కొంత పంచుకుంటుంది. చాపలా చుట్టుకునే షూ పంచుకోదు.

ఇక కాలం సంగతి. కండరం రెండు మూడు వారాల్లో కొత్త పనికి అలవాటు పడిపోతుంది. ఎముక అలా కాదు. కొత్త భారం పడగానే ముందు పాత పదార్థాన్ని తవ్వి తీసే కణాలు పని మొదలుపెడతాయి, ఆ పని సుమారు మూడు వారాలు సాగుతుంది. ఆ గుంటలను నింపే కణాలకు దాదాపు మూడు నెలలు పడుతుంది. మధ్యలో కొన్ని వారాలు ఎముక ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. మాస్టారికి పిక్కల నొప్పి ఉన్నంతకాలం దూరం అదుపులోనే ఉంది, అదే ఆయనకు కాపలా. మూడో వారం తర్వాత ఆ కాపలా వెళ్లిపోయింది. ఎముక తవ్వకం మాత్రం సరిగ్గా అప్పుడే జోరు మీద ఉంది. ఏ ఇబ్బందీ లేదనిపించిన నాలుగు నుంచి ఏడు వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం.

ఆయన ఒక్కరికే జరిగిన వింత కాదిది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో అనుభవమున్న 36 మంది రన్నర్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును పది వారాల్లో ఐదువేళ్ల షూలకు మార్చారు. ముందూ వెనకా పాదాలకు ఎంఆర్ఐ తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల మజ్జలో నీరు చేరడం పెరిగింది. అదీ మెల్లగా మారండని సూచనలు ఇచ్చి మార్చినప్పుడు. ఇంకా వెనక్కి వెళ్తే, దూరం నడిచిన సైనికుల పాదాల్లో ఈ వాపును ప్రష్యా సైన్య వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనే లేదు.

రెండో రాక: పరీక్ష

నొప్పి ఆ ఆదివారం 17వ కిలోమీటరు దగ్గర మొదలైంది. "షూలో చిన్న రాయి పడిందనుకున్నాను" అన్నారు. ఆగి, షూ విప్పి దులిపి, మళ్లీ పరుగెత్తి మిగతా నాలుగు కిలోమీటర్లు పూర్తి చేశారు. మర్నాడు నడకలో పెద్దగా తెలియలేదు. బుధవారం ఐదు, శనివారం మూడు కిలోమీటర్లు పరుగెత్తి చూశారు. శనివారం ఇంటికి కుంటుతూ వచ్చారు. నా దగ్గరికి మంగళవారం వచ్చారు.

రెండో మెటాటార్సల్ కాండం మధ్యలో ఒక్క వేలికొన పట్టేంత చోట నొక్కితే ఉలిక్కిపడ్డారు. పక్క ఎముకల మీద ఎంత నొక్కినా ఏమీ లేదు. వేళ్ల సందుల్లో తిమ్మిరి, మంట లేవు కాబట్టి నరం ఉబ్బుకు అవకాశం తక్కువ. వేలిని పైకి కదిపితే కీలు జారడం లేదు, వేళ్లను ఎత్తే స్నాయువుల వెంట నొప్పి పాకడం లేదు. ఒంటికాలి మీద గెంతమని అడగలేదు. వేళ్ల మీద నిలబడితేనే ముఖం మారిపోతున్నప్పుడు గెంతించి తెలుసుకునేది ఏమీ ఉండదు.

చీలమండ కదలిక ముఖ్యమని ఆరోజు కొలిచాను. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించే పరీక్షలో బొటనవేలికీ గోడకూ మధ్య దూరం ఎడమవైపు 9 సెంటీమీటర్లు, కుడివైపు 6. ఏళ్ల తరబడి 12 మిల్లీమీటర్ల మడమ ఎత్తు మీద బతికిన చీలమండకు ఒక్కసారిగా సున్నా ఇచ్చాం. అది వంగనప్పుడు మడమ తొందరగా లేస్తుంది, బరువు తొందరగా వేళ్ల మొదళ్ల మీదికి వెళ్తుంది. ఇది నేను మొదటి రోజే, ఒక నిమిషంలో కొలవగలిగిన విషయం.

ఎముకల వైద్యుడి దగ్గరికి పంపాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండటం మామూలే, దాన్ని చూసి ధైర్యపడకూడదు. ఎంఆర్ఐలో రెండో మెటాటార్సల్ కాండమంతా మజ్జలో నీరు ఉంది, పగులు గీత మాత్రం లేదు. ఇంకో రెండు వారాలు ఆయన పద్ధతిలో "పరుగెత్తి చూసి" ఉంటే గీత కూడా పడేదని వైద్యుడు నిర్మొహమాటంగా చెప్పారు. విటమిన్ డి, తిండి, నిద్ర, బరువు తగ్గడం గురించి కూడా ఆరా తీశాం. అక్కడ తేడా ఏమీ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నారు మాస్టారు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

ఏం చేశాం

మొదటి రెండు వారాలు నడకకు గట్టి అడుగున్న వాకింగ్ బూట్. తర్వాత రెండు వారాలు అడుగు వంగని మామూలు షూ. పరుగు పూర్తిగా బంద్. ఊపిరి సత్తువ పోకుండా నీళ్లలో తేలుతూ పరుగు, పెడల్‌ను పాదం మధ్యతో తొక్కే సైకిల్. ఈ దశ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పని చేసేది కాలమే, మన వంతు రోగిని కూర్చోబెట్టడం.

ఐదో వారంలో నొక్కితే నొప్పి లేదు, అరగంట నడిస్తే నొప్పి లేదు. అప్పుడు బలం పని మొదలుపెట్టాం. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం కుడివైపు 14, ఎడమవైపు 19 దగ్గర ఆగిపోయింది. కనీసం 25 కావాలని నా పట్టు. మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, తర్వాత వీపు మీద బరువుతో. అరికాలి చిన్న కండరాలకు, వేళ్లు ముడవకుండా వంపును దగ్గరకు లాక్కునే వ్యాయామం. మొదట్లో మాస్టారి వేళ్లు కొక్కేల్లా వంగేవి. బొటనవేలిని మిగతా నాలుగింటి నుంచి విడిగా ఎత్తడానికి ఆయనకు పదకొండు రోజులు పట్టింది, అదీ పుస్తకంలో ఉంది.

ఏడో వారంలో ఒంటికాలి మీద పది గెంతులు నొప్పి లేకుండా వచ్చాయి. అసలు చర్చ అప్పుడు మొదలైంది: ఏ షూతో తిరిగి మొదలుపెట్టాలి?

పాత జత వద్దన్నది ఆయన పట్టుదల, మోకాలి భయం. కొత్త జత వద్దన్నది నాది. మాస్టారు ఇంకో చివరకు వెళ్లి, కార్బన్ పలక ఉన్న 40 మిల్లీమీటర్ల దళసరి షూ అడిగారు. కాలం అలా మారింది మరి. మినిమలిస్ట్ గాలి వీస్తున్న 2009లోనే హోకా కంపెనీ ఎదురు దారిలో దళసరి షూలు మొదలుపెట్టింది. 2017 తర్వాత మెత్తటి నురగలో కార్బన్ పలక పెట్టిన పోటీ షూలు రాజ్యమేలాయి. చివరికి 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పోటీ షూ అడుగుకు 40 మిల్లీమీటర్లే హద్దని గీత గీయాల్సి వచ్చింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు గెంతడమే ఈ కేసును ఇక్కడిదాకా తెచ్చింది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

ఎంచుకున్నది నడిమి రకం: 240 గ్రాములు, మడమ కింద 27 మిల్లీమీటర్లు, డ్రాప్ 6. వేళ్ల చోటు వెడల్పుగా, ముందు భాగం కొంచెం గట్టిగా, పడవ ముక్కులా పైకి తేలి ఉంటుంది. దొర్లే ఆ వంపు వల్ల వేళ్ల దగ్గర పాదం వంగాల్సిన పని తగ్గుతుంది. లోపలి దిమ్మె లేదు. డ్రాప్ గురించి ఒక మాట. లక్సెంబర్గ్‌లో 553 మందికి 10, 6, 0 మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్న షూలు చీటీ వేసినట్టు పంచి ఆరు నెలలు చూశారు. మొత్తం మీద గాయాల్లో తేడా లేదు. విడదీసి చూస్తే, అప్పుడప్పుడు పరుగెత్తేవారికి తక్కువ డ్రాప్‌తో గాయాలు తగ్గాయి, క్రమం తప్పకుండా పరుగెత్తేవారికి పెరిగాయి. నా మాస్టారు రెండో రకం. ఏళ్ల తరబడి ఒక ఎత్తుకు అలవాటు పడ్డ కాలు ఎత్తు మారితే మారాం చేస్తుందని నేను దాన్ని అర్థం చేసుకున్నాను, నిరూపించలేను. పల్చటి షూలతో బరువైనవారికి ముప్పు ఎక్కువని ఆస్ట్రేలియాలో 61 మంది మీద జరిగిన ఇంకో పరిశీలన చెప్పింది. 78 కిలోల మనిషికి అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. అలా మొదలై ఆరు వారాలకు ఏకబిగిన 5 కిలోమీటర్లు. పదో వారంలో మోకాలు మళ్లీ పలకరించింది, పదికి 2. ఆయన కంగారుపడ్డారు. వీడియో తీస్తే అడుగుల లయ 160కి జారిపోయి ఉంది. 168కి తిరిగి తెచ్చాక పది రోజుల్లో నొప్పి పోయింది, షూ మార్చలేదు. మొదట్లో మోకాలిని బాగుచేసింది పల్చటి షూనా, దానితోపాటు తెలియకుండా వచ్చిన 174 లయనా అన్న అనుమానం నాకు అక్కడే పుట్టింది. రెండూ ఒకేసారి మారాయి కాబట్టి ఈ ఒక్క మనిషిని చూసి విడదీయడం కుదరదు. కానీ మోకాలి కోసం షూ అడిగేవారికి ఇప్పుడు నేను ముందు మెట్రోనోమ్ ఇస్తున్నాను.

పల్చటి జతను పారేయలేదు. మాస్టారు పారేద్దామన్నారు, నేను ఆపాను. తేలిక షూతో శ్రమ తగ్గుతుంది, షూ బరువు 100 గ్రాములు తగ్గితే పరుగుకు పట్టే శక్తి సుమారు ఒక శాతం తగ్గుతుందన్నది చాలాసార్లు తేలిన విషయం. పాదం కండరాలకు కూడా అది మంచి వ్యాయామ సాధనం. సాధనాన్ని సాధనంగా వాడాలి, అంతే. పరుగు మళ్లీ మొదలైన మూడో నెల నుంచి రోజూ ఇరవై నిమిషాలు ఆ షూలతో నడక. నాలుగో నెల నుంచి గడ్డి మీద వారానికి ఒక కిలోమీటరు, ముక్కలు ముక్కలుగా. నాలుగు వారాలు అదే దూరం నిలిపి, తర్వాతే ఒక కిలోమీటరు పెంపు. పిక్కలు నొప్పిలేవన్నది పెంచడానికి కారణం కాదని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.

ఇప్పుడు

మూడు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో రెండో మెటాటార్సల్ చుట్టూ కొత్త ఎముక దళసరిగా కట్టింది. వేలితో తడిమితే చిన్న బుడిపె తెలుస్తుంది, నొప్పి లేదు. గోడ పరీక్షలో కుడి చీలమండ 8.5 సెంటీమీటర్లు వస్తోంది. మడమ ఎత్తడం రెండువైపులా 27. పాదం ఇప్పటికీ మడమతోనే నేలను తాకుతోంది, కాకపోతే శరీరానికి దగ్గరగా. దాన్ని మార్చమని నేను చెప్పలేదు. జపాన్‌లో ఒక హాఫ్ మారథాన్‌ను చిత్రీకరించి 2007లో ప్రచురించిన లెక్కల్లో మేటి రన్నర్లలోనే నాలుగింట మూడొంతుల మంది మడమతో దిగారు.

పాత జతలో ఎడమ షూను మాస్టారు అనుమతితో రంపంతో నిలువునా కోశాను. అడుగు నురగ, లోపలి దిమ్మె, ప్లాస్టిక్ పలక పొరలు పొరలుగా కనిపిస్తాయి. నా బల్ల మీదే ఉంటుంది. పల్చటి షూ గురించి అడిగినవారి చేతిలో ముందు అది పెట్టి, తర్వాత చీలమండ కొలిచి, ఆపైనే మాట్లాడుతున్నాను. మాట కాగితం మీద రాసి, పక్కన కిలోమీటర్లూ వారాలూ వేసి ఇస్తున్నాను.

తొమ్మిదో నెలలో మాస్టారు మామూలు తనిఖీకి వచ్చారు. వారానికి 42 కిలోమీటర్లు, అందులో పల్చటి జతతో 5. నోటు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి చూపించారు. పైన "మెల్లగా =" అని రాసి, కింద వారాలు, కిలోమీటర్లు, ఆగాల్సిన లక్షణాలు వరుసగా గడులు కట్టారు. 5 తర్వాతి గడి ఖాళీగా ఉంది. ఆయన 10 రాద్దామంటున్నారు, నేను 6 అంటున్నాను. ఇంకా తేలలేదు.